ఊపిరి బిగబట్టి... వేగం తగ్గించి!

హైదరాబాద్ శివార్లలో అప్పా కూడలి దాటి బీజాపూర్ రోడ్డెక్కితే మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ... మర్రిచెట్లకు పేరుపడ్డ దారి ఇది. సెలవొస్తే చిలుకూరు బాలాజీ గుడికీ అనంతగిరి కొండలకూ వెళ్లే కార్లు ఓ పక్క, తాండూరు నుంచి నాపరాళ్లు, సిమెంటు మోసుకొచ్చే లారీలు మరోపక్క. టన్నుల బరువుతో వచ్చే ఆ లారీలకు కాలికింది బ్రేకు ఒక్కటే ఆధారం కాదు. చాలావాటిలో ఇంకోటీ ఉంటుంది. అదే ఎగ్జాస్ట్ బ్రేక్!

సైకిల్ పంపు మూతిని వేలితో మూసి కొట్టి చూడండి. పిడి ఎంత బరువెక్కుతుందో! ఇక్కడ జరిగేదీ అదే. టర్బో దాటాక పొగగొట్టంలో చిన్న తలుపులాంటి వాల్వు ఉంటుంది. డ్రైవరు స్విచ్ వేయగానే ఇంజిన్‌కు డీజిల్ ఆగుతుంది, తలుపు మూసుకుంటుంది. బయటికి దారిలేక గాలి లోపలే ఒత్తిడి పెంచుతుంది. దాన్ని తోయలేక పిస్టన్లు నెమ్మదిస్తాయి, వాటితోపాటే చక్రాలూ. కొన్ని ఇంజిన్లలో టర్బోలోని రెక్కలే దగ్గరకు జరిగి ఈ పని చేసేస్తాయి.

ఇంతకీ ఎందుకిదంతా? అనంతగిరి ఘాట్‌లాంటి చోట దిగేటప్పుడు కాలిబ్రేకు అదేపనిగా తొక్కితే లైనర్లు కాగిపోయి పట్టు తప్పుతాయి. 1931లో అమెరికాలోని కాహోన్ కనుమ దిగుతూ క్లెస్సీ కమిన్స్ నడుపుతున్న ట్రక్కుకు సరిగ్గా ఇదే జరిగింది. చావు అంచుదాకా వెళ్లొచ్చిన ఆయన, ఇంజిన్‌నే బ్రేకుగా మార్చే మరో పద్ధతి కనిపెట్టారు. అది 1961లో జేకబ్స్ కంపెనీ పేరుతో మార్కెట్లోకి వచ్చింది.

అయితే ఎగ్జాస్ట్ బ్రేక్ లారీని నెమ్మదింపజేస్తుందే తప్ప ఉన్నపళంగా ఆపలేదు. చిన్న గేరులో, ముందుగా వాడితేనే ఫలితం. వానకు తడిసిన రోడ్డు మీద వెనక చక్రాలు జారే ప్రమాదమూ ఉంది. ఎదురుగా మలుపు కనిపించాక వేగం గుర్తొస్తే ఏ బ్రేకూ కాపాడలేదు. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గరి మీర్జాగూడలో కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది ప్రాణాలు పోయాయి. బరువైన బండి అదుపు తప్పితే ఎంత ఘోరమో ఈ దారికి బాగా తెలుసు.

అందుకే కార్లలో వెళ్లేవాళ్లకూ ఓ మాట. ఎగ్జాస్ట్ బ్రేక్ వేసినప్పుడు కొన్ని లారీలకు వెనక ఎర్రలైటు వెలగదు. లైటు చూసి ఆగుదామనుకుంటే ఆలస్యమైపోతుంది. కాబట్టి లారీ వెనక నాలుగు బార్ల దూరం ఎక్కువే వదలండి. దాన్ని దాటేసి ఠక్కున ముందుకు దూరడం అసలే వద్దు. గుడికైనా కొండకైనా, పది నిమిషాలు ఆలస్యంగా చేరితే పోయేదేముంది!