పూలతోటవారి యింట పుష్పవిలాపము

ఘంటసాల వేంకటేశ్వరరావుగారి పాట యన్నచో చెవి కోసికొనువారు మా హోసూరు ప్రాంతమున నేటికిని గలరు. వారిలో నేనొకడను. ఆయన 1974 ఫిబ్రవరి 11వ తేదీన మదరాసులో కన్నుమూసిరి. నేను పుట్టినది ఆ తరువాత. అయినను ఆ కంఠము నాకు ఇంటిపెద్ద కంఠమువలె పరిచితము. పెండ్లిపందిళ్ళలోను, తిరునాళ్ళ మైకులలోను, మా మేనమామగారి పాత టేపురికార్డరులోను దానినే వినుచు పెరిగితిని. ‘పాతాళభైరవి’ (1951) పాట వచ్చినచో చేతిపని ఆగిపోయెడిది. ‘మాయాబజారు’ (1957) పాట వచ్చినచో ఆ పనియే రెండింతలు సాగెడిది. ఇట్లు ఒక గాయకుని ప్రేమించినవాడు అతని గొంతునుండి ఎల్లప్పుడును తీపినే కోరును. అట్టి నాకు ఆ టేపురికార్డరే ఒకనాడు ‘పుష్పవిలాపము’ను వినిపించినది. చక్కెర కడిగినవాని నోట వేపాకు పెట్టినట్లయినది.

‘పుష్పవిలాపము’ కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ఖండకావ్యము, ‘ఉదయశ్రీ’లోనిది. శాస్త్రిగారు (1912–1992) గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో తెలుగు బోధించినవారు. కథ యెంతో లేదు. ఒక భక్తుడు తెల్లవారుజామున దేవుని పూజకై పూలు కోయబోవును. కొమ్మ వంచి గోరానించునంతలో పూలన్నియు గొల్లుమని, తమ ప్రాణము తీయవలదని వేడుకొనును. తమకున్నది కొద్ది గడియల బ్రదుకే యనియు, ఆ కొద్దిలోనే గాలికి వాసనయు, తుమ్మెదకు విందును ఇచ్చి, తల్లితీగ కాళ్ళకడనే రాలిపోవుదుమనియు చెప్పుకొనును. పిమ్మట వేడికోలు పోయి నింద వచ్చును. సూదితో పొడిచి దారమున గ్రుచ్చి జడలలో ముడుచువారిని, రాత్రి పరపులమీద చల్లుకొని ఉదయమున ఊడ్చి పారవేయువారిని అవి నిలదీయును. బుద్ధుడు నడచిన నేలమీద పుట్టియు ఇంత కఠినుడవైతివేమని ఆ భక్తునే హంతకునిగా తేల్చును. అతడు వట్టి చేతులతో దేవుని కడకు మరలిపోవును.

ఆ కాలపు 78 వేగపు గ్రామఫోను రికార్డున ఒక్కొక్క ప్రక్కకు సుమారు మూడు నిమిషముల పాటయే పట్టెడిది. ఆ కొలతలో ఘంటసాలగారు ఒక నాటకమంత దుఃఖమును ఇమిడ్చిరి. రంగస్థలమున పద్యము పాడువారు పలువురు పద్యము కడపట రాగమును సాగదీసి, చప్పట్లకై నిలిచెడివారు. ఈయన అట్లు నిలువరు. అక్షరమును మింగరు, అర్థమును విరువరు. పద్యమునకును పద్యమునకును నడుమ మామూలు మనిషివలె మాటలాడుదురు. ఆ మాట యెచ్చట రాగమైనదో వినువానికి తెలియదు. ఈ నేర్పు విజయనగర సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యరికమునను, చదువుకాలమున ఇంటింట మధుకరమెత్తి కడుపు నింపుకొనిన ఆ కష్టమునను అబ్బినదని నా యూహ. ఆకలి యెరిగినవాడు ‘అయ్యో’ యన్నచో ఆ మాట వేరు.

దుఃఖగీతములు ఆయనకు కొత్తవి కావు. ‘దేవదాసు’ (1953) పాటలకు కంట తడి పెట్టనివారు అరుదు. కాని ఆ యేడుపులో మనకొక సుఖము గలదు. కథానాయకుని పక్షమున మనమును కూర్చుందుము; లోకము చెడ్డది, మనము మంచివారము. ‘పుష్పవిలాపము’లో మనకట్టి పీట వేయలేదు. ఏడ్చునది పువ్వు, ఏడ్పించునది మనము. ఇంతకాలము మనలను జోకొట్టిన గొంతే మనలను బోనులో నిలబెట్టినది. అభిమానికి ఇంతకంటె కష్టమేమున్నది? నేను చాలకాలము ఆ రికార్డును మరల వినలేదు.

వినకుండుటకు మరియొక కారణమును గలదు. ఇతరులకు ఆ పద్యములలోని నేరము ఒక ఉపమానము. మా వారికి అది జీవనము. హోసూరు సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల యెత్తున నున్నది. పగటి యెండ మితము, రాత్రి చలి హితము. గులాబికి కావలసినది అదియే. అందుచేత బాగలూరు మొదలు చుట్టుప్రక్కల గ్రామములలో పాలీహౌసుల తెల్లని కప్పులు దూరమునుండి చెరువులవలె మెరయును. ఆముదగొండపల్లిలో ‘టాన్‌ఫ్లోరా’ వారి పెద్ద పూలతోట కలదు. ‘తాజ్‌మహల్’ అను ఎర్రగులాబి ఇచ్చటినుండి బెంగుళూరు విమానాశ్రయము మీదుగా విదేశములకు పోవును. ఫిబ్రవరి 14వ తేదీన ఏదో దేశమున ఎవరో ఎవరికో ఇచ్చుకొను పువ్వు, పదిదినములకు ముందు మా ఊరి మంచులో తడిసినది కావచ్చును.

మా మేనమామగారికి అరయెకరము పాలీహౌసు గలదు. అచ్చట పువ్వు పూయుటకు ముందే కోయవలెను. విచ్చిన గులాబికి బేరము లేదు. డిసెంబరులో కొమ్మలు కత్తిరించి, ఫిబ్రవరి తొలిదినములకు మొగ్గ అందునట్లు లెక్క వేయుదురు. రేకు చెదరకుండ మొగ్గకు వల తొడుగుదురు. తెల్లవారకమునుపే కోసి, కాడలు నీట ముంచి, పొడవునుబట్టి వేరుచేసి, ఇరువదింటి కొక కట్టగా కట్టి, రెండు మూడు డిగ్రీల చలిలో కోల్డు స్టోరేజిలో పెట్టుదురు. కరుణశ్రీగారి పువ్వునకు కొన్ని గడియలైనను కొమ్మమీద ఊగు భాగ్యము కలదు. మా పువ్వునకు అదియు లేదు.

ఒకనాడు మామగారితో ఈ మాటయే అంటిని. ఆయనయు ఘంటసాలగారి భక్తుడే. కత్తెర ఆపకయే బదులు చెప్పెను:

“కోయకుంటే చెట్టే చెడిపోతుంది కదప్పా. పూసిన పువ్వు కొమ్మమీదే ఉంటే చిగురు రాదు. పువ్వు బాధ పువ్వు చెప్పుకొనె. చెట్టు బాధ ఎవరు చెప్పేది?”

తోటవాని మాటకు తోటవాని బరువుండును. గులాబిచెట్టు కత్తెరకు బదులు కొత్త కొమ్మ నిచ్చునది. ఇది శాస్త్రమును, అనుభవమును గూడ చెప్పుమాట. వ్యాజ్యము ఇంతటితో మా పక్షమున తీరినదని కొంతకాలము అనుకొంటిమి.

2020 మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌన్ మొదలైనది. పెండ్లిండ్లు ఆగినవి, గుడులు మూసిరి, విమానములు నిలిచిపోయినవి. చెట్లకీ సంగతి తెలియదు. అవి పూయుచునే యుండినవి. పూలను కొమ్మలమీద వదలివేసినచో బూజు తెగులు పట్టి తోటయంతయు పాడగును. కాబట్టి కొనువాడు లేకున్నను ప్రతిదినము కోయవలసివచ్చెను. కోసి, తోట వెనుక త్రవ్విన గుంటలో పోయవలసివచ్చెను. దేవుని పాదములకు గాక, జడకు గాక, ఏ ప్రేమికుని చేతికిని గాక, తట్టలకొలది ఎర్రగులాబులు మట్టిలో కుళ్ళినవి. గుంట వాసన మొదటి రెండు దినములు అత్తరువలె నుండెను. తరువాత దాని ప్రక్కకు పోలేకపోయితిమి. మామగారు ఆ దినములలో టేపురికార్డరు ముట్టలేదు.

ఆ వేసవిలోనే ఒక రాత్రి ఫోనులో నేనా రికార్డును మరల వింటిని. వినవలెనని యెందుకు తోచెనో చెప్పలేను. గుంటను చూచి వచ్చినవానికి ఆ విలాపము అతిశయోక్తిగా వినబడలేదు. కవి ఊహించిన నేరములన్నిటిలోను పువ్వునకు ఏదో యొక ప్రయోజనము కలదు: పూజయో, అలంకారమో, భోగమో. ప్రయోజనమేమియు లేని చావును ఆయన వ్రాయలేదు.

ఇంత అభిమానించియు ఒక మాట చెప్పక తప్పదు. ఆ కావ్యమున పూలు కోయువాడు తీరికగల భక్తుడు. కూలికై కోయు చేయి అందు లేదు. మా తోటలో కోతకు వచ్చువారు పరిసరగ్రామముల స్త్రీలు. చలిలో నాలుగుగంటలకు లేచి, బిడ్డలకు సంగటి వండిపెట్టి వత్తురు. చేతికి తొడుగున్నను ముల్లు దిగకమానదు. వారిలో ఒక పెద్దమ్మకు ఒకసారి ఈ రికార్డు వినిపించితిని. ఆమె ఓపికతో కడవరకు విని, “పాపం, బాగానే ఏడిసినాయి. మరి నా వేలికి గుచ్చుకొనేటప్పుడు వాటికి తెలియదా?” అని నవ్వెను. విమర్శకులు ఈ ప్రశ్న వేసినట్లు నేనెరుగను. అయినను ఆమె మరునాడు, “ఆ పూల పాట ఇంకోతూరి పెట్టు నాయనా” అని అడిగెను. ఓడించిన ప్రతివాదిని మరల పిలిపించుకొనుట పాటకే చెల్లును.

మా అన్నగారి కుమార్తె తొమ్మిదవ తరగతి చదువుచున్నది. 2006లో వచ్చిన తమిళ విద్యాచట్టము పిమ్మట ఇచ్చటి పిల్లలకు తమిళము మొదటిభాషయైనది. ఆమె తమిళమున చక్కగా వ్రాయును. అది మాకు సంతోషమే. తెలుగు పద్యము మాత్రము ఆమెకు పుస్తకమునుండి గాక ఈ రికార్డునుండి వచ్చినది. రెండుమారులు విని, కాగితముమీద గురులఘువులు గుర్తించి, భ ర న భ భ ర వ గణములు కుదురుటచూచి, “ఇది ఉత్పలమాల చిన్నాయనా!” అని యెగిరినది. కొన్ని పద్యములు తేటగీతులని తానే తేల్చుకొన్నది. తరువాత ఒక ప్రశ్న వేసినది:

“పూలు ఇంత గట్టి తెలుగులో ఏడుస్తాయా? మన తోట పూలు మన మాదిరి మాట్లాడితే ఏమని అడుగుతాయి?”

“నీవే చెప్పు” అంటిని.

కొంచెమాలోచించి, “‘నన్ను ఏల కోస్తివి?’ అంటాయి” అన్నది.

‘ఏల’ యనునది మా యిండ్లలో దినదినము వాడు మాట. చాల తావుల అది గ్రంథములలో మాత్రమే మిగిలినది. ఆ మాటను కావ్యభాష యందురని చెప్పగా ఆ బాలిక నమ్మలేదు. అవ్వ కూడ అట్లే మాటలాడునే యని వాదించినది. ఆ సాయంకాలము అవ్వ మాటలలో మరెన్ని అట్టివి గలవో వెదకుటకు ఒక నోటుపుస్తకము తీసినది. ఇప్పటికి నాలుగు పుటలు నిండినవి.

మామగారు టేపురికార్డరును మరమ్మతు చేయించిరి. పాటలు యథాప్రకారము మ్రోగుచున్నవి. ‘పుష్పవిలాపము’ను మాత్రము ఫిబ్రవరిలో మే మిరువురమును పెట్టము. కోతలు ముగిసి, బాకీలు తీరి, మార్చి వచ్చిన పిమ్మట, తోటలో కత్తెర చప్పుడు లేని ఒక సాయంకాలము చూచుకొని వినుచున్నాము.