కుడిచేతి మీద అమ్మ

పచ్చబొట్టు ఉన్నవాళ్లతో మాట కలపడానికి ఎవరికీ పరిచయం అక్కర్లేదు. బస్సులో పక్క సీటాయన, టీ కొట్టు కుర్రాడు, కూరలమ్మే పెద్దావిడ, ఎవరైనా సరే పేరు కన్నా ముందు చేతి సంగతే అడుగుతారు. జీతమెంత, పెళ్లయిందా అని మొహమాటం లేకుండా ఆరా తీసే దేశంలో చర్మం మీద బాహాటంగా రాసుకున్నదాన్ని ఎవరు వదిలిపెడతారు?

నల్లగొండ జిల్లాకు చెందిన ఆ 23 ఏళ్ల యువకుడికి ఈ ప్రశ్నలు అలవాటే. కాలేజీ రోజుల్లో జాతరకు వెళ్లి కుడి ముంజేయి లోపలి వైపు ‘అమ్మ’ అని పొడిపించుకున్నాడు. దూరం నుంచి చూసినవాళ్లు అమ్మాయి పేరనుకుంటారు. ఆర్టీసీ బస్సులో ఒకాయన కళ్లజోడు సవరించుకుని మరీ చదివి, “అమ్మ ఉందా బాబూ?” అని మెల్లగా అడిగాడు. ఉందంటే కాస్త నిరుత్సాహపడ్డాడు కూడా. పోయినవాళ్ల పేర్లే వేయించుకోవాలని ఆయన లెక్క కాబోలు.

ఆ కుర్రాడి నాయనమ్మ చేతులు మణికట్టు నుంచి మోచేతి దాకా చుక్కలతో, తేలు బొమ్మతో నిండి ఉంటాయి. ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి సూదులతో పొడిచి, మసి, ఆకు పసరు అద్దిన కాలం నాటివి. చచ్చాక వెంట వచ్చే సొమ్ము అదొక్కటేనని అప్పటి నమ్మకం. ఊళ్లో ఆమెనెవరూ వాటి గురించి అడగలేదు. అడిగేవాళ్లకూ అవే ఉండేవి మరి. హైదరాబాద్ ఆస్పత్రిలో రక్తం తీయడానికి నరం వెతుకుతూ నర్సు మాత్రం “నొప్పెట్టలేదా అవ్వా?” అంది. “నగలకైతే పైసలు గావాలె బిడ్డా. దీనికి సోలెడు బియ్యం జాలు” అందావిడ.

మనవడికి అంత చవగ్గా తేలలేదు. కేంద్ర బలగాల కానిస్టేబుల్ ఎంపికలో రాతపరీక్ష, పరుగు గట్టెక్కాడు. వైద్యపరీక్షలో తెలుగు రాని డాక్టర్ అందరూ అడిగేదే అడిగాడు, ఏం రాసుందని. చెప్పాడు. రెండో ప్రశ్న మాత్రం బస్సుల్లో ఎవరూ అడగనిది: “సెల్యూట్ ఏ చేత్తో చేస్తావ్?”

నిబంధన సూటిగానే ఉంది. మతచిహ్నాలు, పేర్లు ఫర్వాలేదు. కానీ ముంజేయి మీదైతే ఎడమచేతికి, లోపలి వైపే ఉండాలి. ఆ భాగంలో నాలుగో వంతుకన్నా తక్కువే ఉండాలి. కుడిది సెల్యూట్ చేసే చెయ్యి కాబట్టి కూడదు. అదే సైన్యంలో రెండు ముంజేతుల లోపలి వైపూ అనుమతిస్తారు, గిరిజనులకు వారి ఆచారాన్ని బట్టి వెసులుబాటు ఉంది. అయితే సైన్యంలో చేరే వయసు అతనికి అప్పటికే దాటిపోయింది. బలగాలకు క్రమశిక్షణ అవసరమే. కానీ ఎడమచేతి మీద చెల్లిన అమ్మ కుడిచేతి మీద ఎందుకు చెల్లదో వాళ్లమ్మకు చెప్పి ఒప్పించగల అధికారి ఉంటాడా?

బీసీ సడలింపుతో వచ్చే నోటిఫికేషన్‌కు ఇంకా వయసుంది. అందుకే లేజర్ చికిత్స మొదలుపెట్టాడు. లేజర్ రంగును ముక్కలు చేస్తే శరీరం దాన్ని మెల్లగా తుడిచేసుకుంటుంది. ఒక్కసారితో అయ్యే పని కాదు, వారాల తరబడి ఆగి మళ్లీ మళ్లీ వెళ్లాలి. ప్రస్తుతం రెండో అక్షరం సగం వెలిసింది. దాంతో ప్రశ్నలూ మారాయి. “ఏం తమ్మీ, అమ్మతోని కొట్లాటా?” అన్నాడు మొన్న ఒక ఆటో డ్రైవర్. వివరించబోయేలోపే దిగాల్సిన చోటు వచ్చేసింది. అప్పటి నుంచి ఫుల్ చేతుల చొక్కా వేసుకుంటున్నాడు. ఇంత ఎండలో అదేమిటని అడుగుతున్నారు.