వెనక ఉన్న చిన్న స్విచ్చు



పోయిన శనివారం రాత్రి మన మందిరం ఆఫీసు గదిలో కంప్యూటర్ ఆన్ కాలేదు. బటన్ ఎన్నిసార్లు నొక్కినా లైటు రాలేదు, ఫ్యాను చప్పుడు లేదు. తెల్లారితే ఆరాధన, బల్లారాధన కూడా. పాటల కాగితాలు అందులోనే ఉన్నాయి. అంతకంటే ముఖ్యంగా, మన సంఘంలో జరిగిన బాప్తిస్మాల, పెండ్లిళ్ల వివరాలు అందులో తప్ప ఇంకెక్కడా లేవు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

నిజం చెప్తున్నాను, అప్పుడు నేను ప్రార్థన చేయలేదు. కనీసం వైరు కూడా చూడలేదు. ఫోన్ తీసి, శుక్రవారం సాయంత్రం అక్కడ కూర్చుని పాటలు టైపు చేసిన మన యౌవనస్థుడికి చేశాను.

"నిన్న ఏం చేసినవ్ తమ్మీ? కంప్యూటర్ ఖరాబైంది."

"నేను మంచిగనే బంద్ చేసి పోయిన అయ్యగారూ."

"మరి దానంతట అదే ఖరాబైతదా?" అని గట్టిగానే అన్నాను.

అతను మారు మాట్లాడలేదు. సిద్దిపేటలో పని ముగించుకుని, ఇంటికి కూడా పోకుండా బండి మీద నేరుగా మందిరానికి వచ్చాడు. నేల మీద కూర్చుని, "గోడ కాడి నుంచి మొదలువెట్టాలె అయ్యగారూ" అన్నాడు. ముందు సాకెట్‌లో తన ఫోన్ ఛార్జర్ పెట్టి చూశాడు. కరెంటు ఉంది. తర్వాత యూపీఎస్ పక్కనపెట్టి, కంప్యూటర్ వైరును నేరుగా గోడకు పెట్టాడు. రాలేదు. సీపీయూ వెనక వైరు వదులైందేమోనని గట్టిగా నొక్కాడు. అయినా రాలేదు.

అప్పుడు ఫోన్ టార్చి వేసి వెనక చూశాడు. లోపల ఎస్‌ఎంపీఎస్ అనే పెట్టె ఉంటుంది. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులకు తగ్గించి లోపలి భాగాలకు పంచేది అదే. చాలావాటికి వెనకవైపు ఒక చిన్న స్విచ్చు ఉంటుంది. గీత ఉన్న వైపు నొక్కితే ఆన్, సున్నా ఉన్న వైపు నొక్కితే ఆఫ్. మనది సున్నా వైపు ఉంది.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నమే బూజు దులపడానికి సీపీయూను ముందుకు లాగి, మళ్లీ గోడకు నెట్టింది నేనే. ఆ స్విచ్చు మీద పడ్డది నా చెయ్యే.

తమ్ముడు గీత వైపు నొక్కాడు. ఫ్యాను తిరిగింది. అతను నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

అప్పటికీ రాకపోతే ఏం చేయాలో కూడా చెప్పాడు. ప్లగ్గు తీసేసి ముందున్న బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టాలట. ఫ్యాను తిరిగి తెర మాత్రం రాకపోతే, ర్యామ్ తీసి దాని అంచును రబ్బరుతో తుడిచి మళ్లీ బిగించాలట. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం విప్పొద్దు. ప్లగ్గు తీసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది.

బిడ్డలారా, ఆ తమ్ముడు గోడ దగ్గర మొదలుపెట్టాడు. నేను మనిషి దగ్గర మొదలుపెట్టాను. నా చేతిని తప్ప అన్నిటినీ అనుమానించాను. ఇంట్లో డబ్బులు కనపడకపోతే కోడలిని, పంట పాడైతే పక్క చేను వాళ్లను అనేది కూడా ఇలాగే కదా.

బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి, ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పాడు. ఎన్నోసార్లు దాని మీద వాక్యం చెప్పాను. తెల్లారి ఆ రొట్టె విరవాల్సిన చేతులు నావే. అందుకే రాత్రే ఆ తమ్ముడి చేతులు పట్టుకుని క్షమాపణ అడిగాను. ఆదివారం బల్లకు ముందు మీ అందరి ఎదుట కూడా ఒప్పుకున్నాను. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

సంఘం వివరాలను ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కాగితం మీద కూడా తీయించి పెద్దల దగ్గర ఉంచాము.

మీరు తొందరపడి నింద వేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వచ్చే ఆదివారం దాకా ఆగకండి. ఈ రాత్రే ఒక ఫోన్ చేయండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.