గోడ మీద లేని పేరు

లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం నుంచి కెప్పెల్ వీధికి నాలుగడుగులు వేస్తే చాలు. మన సికింద్రాబాద్ నుంచి ఎవరు వెళ్తున్నా, ఆ రెండూ ఒకే పూట చూసి రమ్మని చెబుతుంటాను. ముందు మ్యూజియం, తర్వాత ఆ వీధి.

మ్యూజియంలో అద్దాల గోడ వెనకున్న గదిలో అమరావతి బౌద్ధ స్తూపపు శిల్పాలున్నాయి. వాటిలో చాలావరకు 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు. మద్రాసులో కొన్నేళ్లు పడి ఉండి, 1859లో ఓడెక్కి, 1880లో ఈ మ్యూజియానికి చేరాయి. చాలాకాలం వాటిని ‘ఇలియట్ మార్బుల్స్’ అనే పిలిచారు. అది పాలరాయి కాదు, పలనాటి సున్నపురాయి. చెక్కిన చేతులు మనవాళ్లవి. తవ్వించిన మనిషి పేరు రాళ్లకు అంటుకుపోయింది.

కానీ ఆ స్తూపం కట్టిన కాలంలో పద్ధతి వేరుగా ఉండేది. పలకలు, స్తంభాలు దానమిచ్చినవాళ్లు తమ పేర్లను వాటి మీదే బ్రాహ్మీ లిపిలో చెక్కించుకున్నారు. వాళ్లలో వర్తకులున్నారు, భిక్షుణులున్నారు. విధికుడనే చర్మకారుడూ ఉన్నాడు. ఇంటిల్లిపాదితో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడాయన. ఇవాళ ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో కనిపించే పూర్ణఘటం అమరావతి శిల్పంలోదే. తోలు పని చేసుకుని బతికిన మనిషి పేరు దాదాపు రెండు వేల ఏళ్లు నిలిచిందంటే, రాయి గట్టిదైనందుకు కాదు, అది రాయదగిన పేరని ఆనాటివాళ్లు అనుకున్నందుకు.

ఆ ఆలోచనతోనే కెప్పెల్ వీధికి వెళ్లాను. అక్కడ 1929లో తెరిచిన భవనంలో ఉష్ణమండల వ్యాధుల విద్యాలయం ఉంది. ఇనుప బాల్కనీల మీద బంగారు పూత పూసిన దోమలు, పేలు, పాములు. పైన గోడ పొడవునా వైద్యుల, శాస్త్రవేత్తల పేర్లు, మొదట చెక్కినవి 23. వాటిలో రాస్ పేరు చూడగానే ఒళ్లు పులకరించింది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూసింది మా బేగంపేటలోనే. 1902లో నోబెల్ వచ్చింది ఆ పరిశోధనకే.

ఆ దోమ ఎవరి రక్తం తాగింది? మలేరియాతో ఉన్న హుస్సేన్‌ఖాన్ రక్తం. ఆగస్టు 16న ఆయన్ని దోమతెర లోపల పడుకోబెట్టి దోమల్ని వదిలారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా కూలి. జ్వరంతో ఉన్న మనిషి, చుట్టూ దోమలు, కదలకుండా పడుకోవాలి. దాన్ని నేను రోగి ఓర్పు అని ఊరుకోలేను, అది శాస్త్రానికి ఆయన చేసిన పని. రాస్ ఆయన పేరు దాచలేదు, తన జ్ఞాపకాల్లో రాశాడు. అందుకే ఇవాళ మనకు తెలుసు. గోడ మీద మాత్రం లేదు.

అప్పటినుంచి ఏ ఊళ్లో ఏ కట్టడం చూసినా, అక్కడున్న పేర్లు చదివాక లేనివాటి కోసం వెతకడం అలవాటైంది. మా క్లాక్ టవర్‌ను కూడా 1897లోనే ప్రారంభించారు, ఫిబ్రవరి 1న. గడియారం ఇచ్చింది సేఠ్ లక్ష్మీనారాయణ్ రాంగోపాల్ అని చెప్పుకుంటాం. రాళ్లు మోసినవాళ్ల, కట్టిన మేస్త్రీల ఊసే ఎత్తం. ఆ టవర్ పక్కగా వెళ్లినప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది.

కెప్పెల్ వీధి గోడ మీద పేర్ల వరస ముగిసిపోలేదు. కట్టిన 90 ఏళ్లకు, 2019లో, ముగ్గురు స్త్రీల పేర్లు చేర్చారు: మేరీ క్యూరీ, ఫ్లోరెన్స్ నైటింగేల్, ఆలిస్ బాల్. ఆ గోడకు ఇంకో పేరు బరువు కాదు. అక్కడివాళ్లు చెక్కినా చెక్కకపోయినా, బేగంపేట కథ చెప్పే ప్రతి పాఠంలో, ప్రతి ఆగస్టు 20న జరిగే ప్రతి సభలో రాస్ పక్కనే హుస్సేన్‌ఖాన్ పేరు పలకాలి. ఆ పని మాత్రం సికింద్రాబాద్ వాళ్లదే.