సాతంరాయి చుట్టూ ఒక రోజు, మూడు లెన్సులు

ఆరాంఘర్ దాటి బెంగళూరు హైవే మీద పోతుంటే గగన్‌పహాడ్ తర్వాత, శంషాబాద్‌కు ముందు తగిలేదే సాతంరాయి. ఫ్లైట్ అందుకోవాలని ఉరికేవాళ్లు బోర్డు కూడా చూడరు. కెమెరా ఉన్నవాళ్లకు మాత్రం ఇది మంచి అడ్డా. బండి మీద కాస్త తిరిగితే విమానాలు, పాత గుడి, చెరువు, ఫంక్షన్ హాళ్లు అన్నీ దొరుకుతాయి.

మా పిన్ని కొడుకు డిగ్రీ చదువుతూ ఇరవై వేలు కూడబెట్టాడు. దగ్గరున్నది సెకండ్‌హ్యాండ్ క్రాప్ సెన్సర్ కెమెరా, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్స్. ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ దగ్గర వచ్చే నెల నుంచి పనికి కుదిరాడు. మనసు మాత్రం విమానాల మీదుంది. "అన్నా, పెద్ద జూమ్ కొంట" అన్నాడు. కొనేముందు ఒక రోజు అద్దెకు తెచ్చుకుందాం అన్నాను. ఒక 70-300, ఒక 50 మిల్లీమీటర్ల లెన్స్ తీసుకుని జనవరిలో ఒక ఆదివారం బయల్దేరాం.

విమానం మామూలుగా గాలికి ఎదురుగా దిగుతుంది, ఎగురుతుంది. మన ఎయిర్‌పోర్టు రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి. చలికాలంలో గాలి ఎక్కువగా తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి విమానాలు పడమటి నుంచి, అంటే హైవే మీదుగా దిగుతాయి. ఈ సీజన్‌లో సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు. విమానం వచ్చే దారికి దక్షిణం వైపు నిలబడితే వెలుగు మన వెనక నుంచి పడుతుంది. ఎయిర్‌పోర్టు గోడ దగ్గరికి మాత్రం పోవద్దు, అనుమతి లేకుండా డ్రోన్ ఊసే ఎత్తొద్దు.

క్రాప్ సెన్సర్ మీద 300 అంటే ఫుల్ ఫ్రేమ్‌లో 450 అంత దగ్గరగా కనిపిస్తుంది. మావాడి మొహం వెలిగిపోయింది. జెట్ విమానాలకు సెకనులో వెయ్యోవంతు షట్టర్ పెట్టాడు, బాగానే వచ్చాయి. అదే సెట్టింగ్‌తో ఏటీఆర్ తీస్తే రెక్కల ముందున్న పంఖాలు ఆగిపోయినట్టు పడ్డాయి, విమానం గాల్లో చెడిపోయి నిలబడ్డట్టుంది! షట్టర్ 125వ వంతుకు తగ్గించి, విమానంతో పాటు కెమెరాను తిప్పితేనే పంఖా తిరుగుతున్నట్టు వస్తుంది. పది ఫ్రేముల్లో ఎనిమిది అదిరిపోతాయి, అది మామూలే. తొమ్మిదిన్నర దాటి నేల వేడెక్కేసరికి దూరపు ఫోటోలన్నీ నీళ్లలో చూసినట్టు కదిలాయి. అది లెన్స్ లోపం కాదు, మధ్యలో ఉన్న వేడి గాలి. లక్ష రూపాయల లెన్స్ పెట్టినా పోదు.

అక్కణ్ణుంచి నర్కూడ పక్కన అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి. సినిమాల్లో చాలాసార్లు చూసే ఉంటారు. ఏడంతస్తుల గోపురం మొత్తం పట్టాలని అందరూ దగ్గర నిలబడి ఫోన్‌లో 0.5 నొక్కి పైకెత్తుతారు, గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. కెమెరా పైకి వంచడం వల్ల వచ్చే తిప్పలు అవి. వెనక్కి నడిచి, కెమెరాను నిటారుగా పట్టుకుంటే పాత 18-55 చాలు. ఇక్కడ కొత్త లెన్స్ అక్కర్లేదు, ఖాళీ జాగా కావాలి.

ముచ్చింతల్ రామానుజుల విగ్రహం దగ్గర కథ ఇంకోలా ఉంది. 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించిన ఈ సమతామూర్తి ఎత్తు 216 అడుగులు. వైడ్‌లో దగ్గర్నుంచి తీస్తే ముందున్న చెట్టు కూడా విగ్రహమంత పెద్దగా పడుతుంది. బయట రోడ్డు మీద బాగా దూరం పోయి 200 దగ్గర పెట్టి, ముందు ఒక స్కూటర్ వచ్చేదాకా ఆగాం. అప్పుడు తెలిసింది 216 అడుగులంటే ఎంతో. హిమాయత్‌సాగర్ కొంగల సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, 300 కూడా చాల్లేదు.

సాయంత్రం హైవే పక్కన తెలిసినవాళ్ల రిసెప్షన్. అసలు పరీక్ష ఇక్కడే. 18-55ను 55 దాకా జూమ్ చేస్తే ఎఫ్/5.6 కన్నా తెరుచుకోదు. 50 లెన్స్ ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుంది, అంటే దాదాపు పది రెట్లు వెలుగు. పసుపు లైట్ల కింద పెళ్లికూతురి నాయనమ్మ నవ్వు, ఫ్లాష్ లేకుండా, శుభ్రంగా పడింది. పైగా నాలుగడుగులు వెనక్కి జరిగి తీస్తాం కాబట్టి ముక్కు పెద్దగా రాదు. ఫోన్ సెల్ఫీలో ముక్కు పొంగేది మనం మరీ దగ్గరుండటం వల్లే. ఆ నాయనమ్మ ఫోటో చూసి పక్కాయన నంబర్ అడిగి తీసుకున్నాడు. పొద్దున తీసిన విమానాలను ఎవరూ అడగలేదు.

నా మటుకు నాకు జూమ్ అంటే చిన్నచూపు లేదు. రోజూ పక్షులే తీసేవాడికి 50 దండగ. కానీ నెలకు ఒకసారి తీసేదానికి అద్దె, వారంవారం తీసేదానికి సొంతం. ఇరవై వేలతో మొదలెట్టేవాడికి వేరే లెక్క నాకు తోచలేదు.

మావాడు కోఠి పోయి 50 కొన్నాడు. మిగిలిన డబ్బుతో ఒక ఫ్లాష్, ఒక బ్యాటరీ. జులైలో 70-300 మళ్లీ అద్దెకు తెస్తాడట. అప్పుడు గాలి పడమటి నుంచి కదా, విమానాలు అటు పక్కన దిగుతాయి. శ్రీశైలం రోడ్డు మీద ఎక్కడ నిలబడాలో ఇప్పట్నుంచే వెతుకుతున్నాడు.