మెట్టు తీసేసిన బండి

క్షేత్రపర్యటనల గురించి మనం రాసే వ్యాసాల్లో డ్రైవర్ ప్రస్తావన ఉండదు. కానీ ఒక పరిశోధకురాలు ఏ ఊరి దాకా వెళ్లగలదో, ఎంతసేపు కూర్చోగలదో చాలాసార్లు నిర్ణయించేది అతనే. ఉదయగిరి, సీతారామపురం మండలాల్లో స్త్రీల నోటి కథల కోసం తిరిగిన మొదటి రెండేళ్లూ నా పరిశోధనకి హద్దులు గీసింది ఏ సిద్ధాంతమూ కాదు, "ఇంక బండి పోదు మేడమ్" అన్న ఒక్క మాట. అది నిజమో కాదో తేల్చుకునే జ్ఞానం నా దగ్గర లేదు. సాహిత్యంలో డాక్టరేట్ ఉంది గానీ బండి కింద ఏముంటుందో ఎవరూ చెప్పలేదు.

ఆత్మకూరులో నాన్న పోయాక ఆయన పాత ల్యాండ్ క్రూజర్ ప్రాడోని అమ్మేద్దామన్నారు. నా వాటా కింద అది ఇవ్వమన్నాను. "ఆడపిల్ల బంగారం అడుగుద్ది గానీ బండి అడుగుద్దా?" అని చిన్నాన్న నవ్వాడు. మా వైపు ఇలాంటి పెద్ద బండి అంటే కాంట్రాక్టరో, నాయకుడో దిగుతున్నట్టు లెక్క. తోలు సీట్లూ, మెరిసే చక్రాలూ ఆ దర్జా కోసమే. నిజానికి దాని కింద లారీకున్నట్టు విడి ఛాసిస్ ఉంది, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది, రాళ్లమీద మెల్లగా ఎక్కించే లో-రేంజ్ గేరు ఉంది. ఇంత శక్తీ పెళ్లిళ్లకీ, నెల్లూరు ప్రయాణాలకీ సరిపెట్టుకుని బతికింది. ఇలా బతికిన ఆడవాళ్లు మనకి తెలియనివాళ్లు కాదు.

కొండదారికి తగ్గట్టు దాన్ని మార్చాలనుకున్నప్పుడు ముందు చట్టం చదివాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన మౌలిక వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ముందు బిగించుకునే బుల్ బార్ల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. కాబట్టి స్ప్రింగులు మార్చి ఎత్తు పెంచడం, ఇనప కొమ్ములు తగిలించడం వద్దనుకున్నాను. 18 అంగుళాల చక్రాల స్థానంలో కంపెనీయే ఇంకో రకానికిచ్చే 17 అంగుళాల చక్రాలు వేయించాను. బయటి చుట్టుకొలత దాదాపు అంతే ఉంటుంది, రబ్బరు గోడ మాత్రం ఎత్తవుతుంది. ఆ రబ్బరే రాయి దెబ్బని ఓర్చుకునేది. ఇంజను, గేరుబాక్సుల కింద ఒక రేకు కవచం బిగించారు. ఇసుకలో దిగే ముందు టైర్లలో గాలిని 32 నుంచి 20కి తగ్గించడం, పైకొచ్చాక చిన్న కంప్రెసర్‌తో మళ్లీ నింపుకోవడం నేర్చుకున్నాను.

షెడ్డులో ప్రశ్న నేనడిగితే జవాబు పక్కనున్న మా తమ్ముడికి చెప్పేవారు. వాడికి డ్రైవింగే రాదు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకులతో అతను తయారుచేసిన మోటారు బండిలో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా, సుమారు 106 కిలోమీటర్లు నడిపింది. ఇంధనపు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తెరిచింది. బ్రేకు చెక్కలు అరిగితే చెప్పులు కుట్టేవాళ్ల చేత వాటికి తోలు కొట్టించింది. 2001లో మిత్సుబిషి పజేరోతో డకార్ ర్యాలీని ఓవరాల్‌గా గెలిచిన తొలి మహిళ యుటా క్లైన్‌ష్మిట్ భౌతికశాస్త్రం చదివిన ఇంజనీరు. యంత్రజ్ఞానం మనకి కొత్తేమీ కాదు. మన పేరుమీద రాసి లేదంతే.

అన్నిటికంటే ఆలోచింపజేసింది పక్కమెట్టు. రాళ్లకి తగిలేది అదే గనక తీసేయించాను. కానీ చీర కట్టుకున్న అమ్మ ఎక్కేది ఆ మెట్టు మీదనే. కొండదారికి బండి తగినదయ్యే కొద్దీ ఆడవాళ్లకి ఎక్కరానిదవుతోంది. వెనకాల ఒక ముక్కాలి పీట పడేసుకున్నాను. దానిమీద కాలుపెట్టి ఎక్కిన ఒకావిడ అడిగింది: "ఇంత ఎత్తు ఎవురి కోసం జేశారమ్మా?"

ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుంచి 1514లో గెలవడానికి కృష్ణదేవరాయలు ఏడాదిన్నర పాటు బండరాళ్లు పగలగొట్టించి సైన్యానికి బాటలు వేయించాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాశాడు. రాజు దారిని మార్చాడు, డబ్బున్నవాళ్లు బండిని మారుస్తారు. కట్టెలమోపుతో ఆ వాలు దిగే స్త్రీలు మార్చుకున్నది తమ మెడనీ, మోకాళ్లనీ, నడకనీ. ఇక్కడి చెక్క గరిటెలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆకురాయి పట్టి వాటిని నున్నగా చేసే చేతుల గురించి రాసినవాళ్లు తక్కువ.

బండి వెళ్లగలిగిన ఊళ్లలో నాకు ఎదురైంది మౌనం. ఇవి ఎర్రచందనం కొండలు. అడవి అంచున పెద్ద బండి ఆగితే దొంగలో, దొంగల్ని వెతికేవాళ్లో అయివుంటారు. ఇద్దరి ముందూ ఆడవాళ్లు నోరు విప్పరు. మెట్టు తీసేయగలిగాను, దర్జాని ఏ షెడ్డులోనూ తీసివేయించలేకపోయాను. అందుకే ఇప్పుడు ఊరికి ఇవతలే బండి ఆపి నడిచిపోతున్నాను. డ్రైవర్ ఆగమన్నచోటు కాదిది, నేను ఆగిన చోటు. ఆ తేడా నాకు ముఖ్యం.

మా జిల్లాకి వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పోయిన కార్తీకంలో ఒక పిల్లకి నొప్పులొస్తే వాళ్లే వచ్చి బండి అడిగారు. వాగు పారుతోంది. దానిలో దిగాలంటే కావలసిన లెక్కలన్నీ నాకు తెలుసు, ఇసుక ఎక్కడ గట్టిగా ఉందో మాత్రం తెలీదు. పిల్ల నాయనమ్మ చీర మోకాళ్ల పైకి దోపుకుని, కర్రతో పొడుచుకుంటూ ముందు నడిచింది. "ఎడంపక్కకే రా, కుడి దిక్కు దిగబడతది," అని అరుస్తూనే ఉంది. ఆమె అడుగులమీదే చక్రాలు పోనిచ్చాను. వేకువకి ఆత్మకూరు ఆస్పత్రి చేరాం. కాన్పయ్యాక ఆమె అడిగిన మొదటి మాట, తన మనవరాళ్లలో పెద్దదానికి ఈ బండి తోలడం నేర్పడానికి ఎన్నాళ్లు పడుతుందని.