పోతురాజు కళ్ళు, అమ్మవారి పూనకం, మన మెదడు

మైలవరం పరిసరాల్లో మామిడి తోటలకు వెళ్ళే దారుల్లో, ఊరి పొలిమేరన, ఇటువంటి రాయిని మీరు చూసే ఉంటారు. దానిపై శిల్పి ఉలి పడలేదు. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, రెండు వెండి కళ్ళు అతికిస్తారు. అంతే, ఆ క్షణం నుంచి అది రాయి కాదు, మనల్ని చూస్తున్న పోతురాజు.

ఆ మార్పు జరిగేది రాతిలో కాదు, మన మెదడులో. మెదడు అడుగుభాగాన, కాస్త వెనుకగా, ఫ్యూజిఫార్మ్ అనే మడత ఉంది. ముఖాలను పోల్చుకోవడంలో దానిది ప్రధాన పాత్ర. పైన రెండు చుక్కలు, కింద ఒకటి కనిపిస్తే చాలు, మన చూపు దాన్ని ముఖంగా తీసుకుంటుంది. పుట్టిన తొలి గంటల్లోని పసికందు సైతం అటువంటి బొమ్మవైపే ఎక్కువగా చూపు తిప్పుతుంది. పక్షవాతంలో ఈ ప్రాంతం దెబ్బతిన్న కొందరు కట్టుకున్న భార్యను కూడా ముఖం చూసి గుర్తించలేరు. ఆమె నోరు విప్పి పలకరించాలి.

మరి అమ్మవారి కళ్ళు ముఖానికి మించి అంత పెద్దవెందుకు? నిమ్మలకుంట తోలుబొమ్మల్లో చెవిదాకా సాగిన కళ్ళెందుకు? 1973లో నోబెల్ బహుమతి పొందిన టిన్‌బర్గెన్ సముద్రపు కాకి పిల్లలను పరిశీలించాడు. తల్లి ముక్కు మీది ఎర్ర మచ్చను పొడిచి అవి మేత అడుగుతాయి. ముక్కు పోలికే లేని ఒక చారల పుల్లను చూపితే మరింత ఆత్రంగా పొడిచాయి. మెదడు వెతికే గుర్తును పెంచి చూపితే స్పందనా పెరుగుతుందన్నమాట. తమిళనాడులో పుట్టిన నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్, విలియం హర్‌స్టైన్‌తో కలిసి 1999లో రాసిన వ్యాసంలో ఈ సూత్రాన్నే మన శిల్పాలకు అన్వయించాడు. కళ్ళ విషయంలో ఆయన మాట నాకు సబబుగానే తోస్తుంది. కానీ ఆ కళ్ళ ఎదుట ఒక తల్లి ఎందుకు ఏడుస్తుందో పక్షిపిల్లల ప్రయోగం చెప్పదు.

ఆ ఏడుపు దాటి, ఒళ్ళు మరిచే స్థితి ఒకటుంది. రామకృష్ణ పరమహంస ఆరేడేళ్ళ వయసులో పొలం గట్టున మరమరాలు తింటూ నడుస్తుండగా, నల్లమబ్బు మీదుగా తెల్లని కొంగల బారు సాగిందట. ఆ అందానికి స్పృహ తప్పి పడిపోయాడట. అది మూర్ఛ అని తేల్చేసినవారు తరువాత కొందరు బయలుదేరారు. మనిషిని చూడకుండా, శతాబ్దం దాటాక రోగనిర్ణయం చేయడం వైద్యం కాదు. అయితే మూర్ఛకూ పరమానందానికీ సంబంధమే లేదనీ అనలేం. రచయిత దోస్తోయెవ్‌స్కీ తన మూర్ఛకు ముందు కలిగే ఆనందాన్ని స్వయంగా వర్ణించాడు. ఇన్సులా అనే ప్రాంతాన్ని విద్యుత్తుతో ప్రేరేపించినప్పుడు అటువంటి అనుభూతి కలిగినట్లు ఈ మధ్య వైద్యులు నమోదు చేశారు.

ఇదంతా మనకెందుకంటారా? నా దగ్గరకు పద్నాలుగేళ్ళ అమ్మాయిని తీసుకొచ్చారు. కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నినట్లుంటుంది, చూపు నిలిచిపోతుంది, పెదవులు చప్పరిస్తుంది, చేతులతో పావడా నలుపుతుంది. రెండు నిమిషాల్లో తేరుకుంటుంది, జరిగింది గుర్తుండదు. రెండేళ్ళుగా అమ్మవారు పూనుతోందని మొక్కులు తీరుస్తున్నారు. "మాత్ర వేస్తే అమ్మ అలుగుతుందేమో డాక్టరు గారూ" అంది తల్లి. "అలిగితే ఆ కోపం నా మీదికి రానీయమ్మా" అన్నాను. ఆ పిల్లకు నిద్రలోనూ వచ్చేది, నూతి గట్టు మీదా వచ్చేది. మందు మొదలుపెట్టాక నెలలు గడిచినా మళ్ళీ రాలేదు.

జాతర పూనకం తీరు వేరు. అది డప్పు మోగితే వస్తుంది, హారతికో వేపమండకో శాంతిస్తుంది. పూనినవారు అడిగినదానికి జవాబు చెబుతారు. నిద్రలో రాదు. దానికి ప్రతిసారీ జబ్బు పేరు పెట్టనక్కర లేదు. డప్పు లేకుండా, ఒకే తీరుగా, వేళాపాళా లేకుండా వచ్చేదాన్ని మాత్రం ఫోనులో చిత్రీకరించి నరాల వైద్యుడికి చూపండి. ఇ.ఇ.జి. బాగుందన్నంత మాత్రాన మూర్ఛ లేనట్లు కాదు. సరైన మందులతో నూటికి 70 మంది వరకూ మూర్ఛ రాకుండా జీవించగలరు. మందులు మీ అంతట మీరు ఆపవద్దు. మొక్కు తీర్చుకోవడానికి తిరునాళ్ళకు వెళితే మాత్రలు వెంట తీసుకెళ్ళండి. మూర్ఛ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టకండి, నోట్లో ఏమీ కుక్కకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి చేర్చండి.